ప్రమాణానికి సాక్షులెవరు?

మా ఊళ్లో కౌలుకు కాగితం ఉండదు. భూమి గల ఆసామీ, దున్నే రైతు ఒక పెద్దమనిషి అరుగు మీద కూర్చుంటారు. ఎకరాకు ఇన్ని బస్తాలని మాట అనుకుంటారు. ఆ పెద్దమనిషి విని తల ఊపుతాడు. అంతే, ఒప్పందం అయిపోయినట్లే. పంట చేతికొచ్చాక పేచీ వస్తే ఇద్దరూ ఆయన దగ్గరికే పోతారు. ఆయన గనక "నాకు యాదికి లేదు" అన్నాడా, కౌలుదారు మునిగిపోయినట్లే! మా నాయన రెండెకరాల సొంత చెలకకు తోడు నాలుగెకరాల పొలం ఇట్లాగే కౌలుకు చేస్తాడు. కనుక సాక్షి విలువ ఏమిటో మా ఇంట్లో అందరికీ తెలుసు, ఒక్క నాకు తప్ప. నాకది తెలిసివచ్చింది 2023 డిసెంబరు 7న, హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియంలో.

అప్పుడు నేను బి.ఎస్సీ. మొదటి సంవత్సరం. ఖమ్మం జిల్లా పల్లె నుండి వచ్చి నిండా మూడు నెలలు కాలేదు. నా గదిలో ఒకడిది ఆదిలాబాద్, ఒకడిది పాలమూరు. క్లాసులో మాకు తోడైన నాలుగోవాడు పాతబస్తీ కుర్రాడు. మొదట్లో ఒకరి యాస ఒకరికి నవ్వులాట. మెస్సులో ఒక్క బల్ల దగ్గర తినడం మొదలైనాక ఆ నవ్వే స్నేహమైంది. డిసెంబరు 3న ఎన్నికల ఫలితాలు వచ్చాయి. రాష్ట్రం ఏర్పడిన 2014 నుండి అధికారం చేతులు మారడం అదే మొదటిసారి. "చరిత్ర జరుగుతుంటే మనం రికార్డులు రాసుకుంట కూసుంటమా? పాండి, పోదాం!" అన్నాడు పాలమూరు మిత్రుడు. ఆ గురువారం ప్రాక్టికల్సు ఎగ్గొట్టాము. లెక్చరర్లు ఇప్పుడైనా క్షమించాలి.

కోఠిలో బస్సు దిగేసరికే రోడ్డంతా జనం. ఆబిడ్స్ మీదుగా నడిచామనడం కంటే జనమే మమ్మల్ని నడిపించారనడం సబబు. డప్పులు, జెండాలు, కండువాలు! విడిపోకుండా ఒకరి బ్యాగు ఒకరం పట్టుకొని, ఎట్లాగో గ్యాలరీలో నాలుగు చోట్లు సంపాదించాము. నేను పుట్టి బుద్ధెరిగినాక అంతమందిని ఒక్కచోట చూడలేదు. మేడారం జాతర వేరే లెక్క.

ముహూర్తం ఒంటిగంటా నాలుగు నిమిషాలన్నారు. గవర్నరు తమిళిసై సౌందరరాజన్ ఎదుట రేవంత్ రెడ్డి ముఖ్యమంత్రిగా, తరువాత భట్టి విక్రమార్క ఉప ముఖ్యమంత్రిగా, ఆపైన మరో పదిమంది మంత్రులుగా ప్రమాణం చేశారు. ములుగు సీతక్క మైకు ముందుకు రాగానే స్టేడియం దద్దరిల్లిపోయింది. మేమూ గొంతులు పోయేదాకా అరిచాము. నిజం చెప్పొద్దూ, ఏ పార్టీ అని కాదు. పక్కవాడు అరుస్తుంటే మనకూ అరవబుద్ధేస్తుంది. గుంపుకున్న మహత్యం అది.

ఆ కేకల మధ్యనే ఇంటి నుండి ఫోను వచ్చింది.

"యాడున్నవ్ బిడ్డా? ఏందా లొల్లి?"

"స్టేడియంల ఉన్న నాయనా. ప్రమాణ స్వీకారానికొచ్చినం."

"అట్లనా! ఈడ వడ్లు తడిసినయ్. పట్టాలు కప్పినా అడుక్కు నీళ్లొచ్చినయ్. నేనూ మీ అమ్మా ఎత్తిపోస్తున్నం."

డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిగ్‌జాం తుపాను మా జిల్లాను కూడా తడిపిపోయింది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ రెండు రోజులుగా ఇంటికి ఫోను చేయలేదు. ఏమనాలో తోచక ఊరుకున్నాను. నాయనే మళ్లీ అడిగాడు: "సరేగని, ఏమని ప్రమాణం చేసిండ్రు? నువ్వక్కడే ఉన్నవు గద, చెప్పు."

నేను చెప్పలేకపోయాను. "అనే నేను" అన్నదాకా విన్నాను. ఆ తరువాతదంతా నా అరుపులోనే మునిగిపోయింది. మిత్రుల వైపు చూశాను. ముగ్గురూ తెల్లమొహం వేశారు. అక్కడ తడిసిన వడ్లు ఎత్తిపోస్తున్న మనిషి ఆ మాటలు వినాలనుకున్నాడు. ఇక్కడ మాటలు చెవిన పడే చోట కూర్చున్న నేను వినలేదు!

మర్నాడు లైబ్రరీలో రాజ్యాంగం తీసి మూడవ షెడ్యూలు చదివాను. ఆ ప్రమాణం పట్టుమని ఒక నిమిషం పట్టదు. భయం గానీ పక్షపాతం గానీ, రాగం గానీ ద్వేషం గానీ లేకుండా ప్రజలందరికీ న్యాయం చేస్తామనే మాట అందులో ఉంది. ఓటు వేసినవాడికని లేదు, అందరికీ అని ఉంది. ఇంతకంటే పెద్ద మాట ఏ ఎన్నికల సభలో విన్నాము?

ఇంత ఆర్భాటం దేనికి, రాజ్‌భవన్‌లో నలుగురి మధ్య కానిస్తే పోదా అనే పెద్దలున్నారు. ప్రమాణం గవర్నరు ఎదుట జరగాలని రాజ్యాంగం చెప్పిందే గాని ఫలానా చోటనే జరగాలని చెప్పలేదు. 1983 జనవరి 9న ఎన్.టి. రామారావు ఇదే స్టేడియంలో జనం మధ్య ప్రమాణం చేశారు. 2004 మే 14న వై.ఎస్. రాజశేఖర రెడ్డి ఇక్కడే ప్రమాణం చేసి, రైతులకు ఉచిత విద్యుత్తు ఫైలు మీద తొలి సంతకం పెట్టారు. నా మటుకు నాకు బహిరంగ ప్రదేశమే మంచిదనిపిస్తుంది. మాట నలుగురిలో పడితేనే దానికి బలం. అయితే ఆ నలుగురూ వినాలి కదా! వేలమంది ఈలలు వేసి ఇంటికి పోతే, అక్కడ జనం ఉన్నట్టు లెక్కే గాని సాక్షి ఒక్కడూ లేనట్టే.

మేము సైన్సు విద్యార్థులం. ఒక్క రీడింగు తీసుకొని గ్రాఫు గీస్తే ఏ లెక్చరరూ సంతకం పెట్టడు. ప్రమాణం నాటిది మొదటి రీడింగు మాత్రమే. ఆడవాళ్లకు ఉచిత బస్సు డిసెంబరు 9నే, రెండు రోజుల్లో, మొదలైంది. దాన్నీ రాసుకోవాలి. ఎన్నికల్లో రైతు భరోసా ఎకరాకు ఏటా 15 వేలన్నారు, కౌలు రైతుకూ అన్నారు. 2025 జనవరిలో పట్టాదారులకు అమలైన లెక్క 12 వేలు. దాన్నీ రాసుకోవాలి. మెచ్చుకోవడానికైనా నిలదీయడానికైనా చేతిలో రికార్డు ఉండాలి. ఈ ప్రభుత్వమనే కాదు, రేపు వచ్చేదానికీ ఇదే పద్ధతి.

అందుకే మన సంఘానికి ఒక మనవి. గోడపత్రికలో ఒక మూల ఖాళీ ఉంచండి. పైన ఆ ప్రమాణ పాఠం, కింద ఇచ్చిన మాట, ఇచ్చిన తేదీ, జరిగిన తేదీ. ఏటేటా కొత్తగా చేరే విద్యార్థులు దాన్ని కొనసాగించాలి. దీనికి ఖర్చు లేదు, కాస్త ఓపిక కావాలి.

మేము నలుగురం ఇప్పుడు ఆఖరి సంవత్సరంలో ఉన్నాము. మళ్లీ అట్లాంటి సభ జరిగితే తప్పకుండా కలిసే పోదామని అనుకున్నాము. కాకపోతే ఈసారి ప్రమాణం చదువుతున్నంతసేపు నోరు మూసుకొని వింటాము. పూర్తయ్యాక నేనే ఇంటికి ఫోను చేస్తాను. ముందు వడ్ల సంగతి అడుగుతాను. తరువాత, వాళ్లు ఏమని ప్రమాణం చేశారో మా నాయనకు మాట పొల్లుపోకుండా చెబుతాను.