చిన్న తాకిడి నేర్పిన పాఠము

నీటిబొట్టు ద్రవమనుటకు ఎవరును సందేహింపరు. దానిలో లెక్కకు మించిన అణువులు కలవు. కొలదిపాటి కణములు కూడిన చోటను ద్రవగుణము కలుగునా? ఈ ప్రశ్నను భౌతికశాస్త్రజ్ఞులు విచారించిన తీరు మన పాఠశాలలకు అనుసరణీయమని మా యభిప్రాయము.

అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో బంగారపు కేంద్రకములను మహావేగముతో ఎదురెదురుగా ఢీకొట్టించిరి. ఒక్కొక్క దానిలో ప్రోటానులు, న్యూట్రానులు కలిసి 197 కలవు. తాకిడి వేడిమికి వానిలోని క్వార్కులు, గ్లూయానులు విడివడి ద్రవమువలె ప్రవహించెనని 2005లో ప్రకటించిరి. కేంద్రకములు ఓరగా తాకినపుడు నడిమి భాగము బాదంకాయవలె నుండును. ఇరుకైన దిక్కున ఒత్తిడి వడిగా తగ్గుటచే కణములు ఆ దిక్కుననే అధికముగా వెలువడును. ప్రవాహమునకు ఇది ముఖ్యసాక్ష్యము.

ప్రోటాను మిక్కిలి చిన్నది గనుక దాని తాకిడిలో ద్రవ మేర్పడదని తలంచి, పోల్చిచూచుటకు దానినే ప్రమాణముగా నుంచుకొనిరి. కాని 2010లో జెనీవా చెంతనున్న సెర్న్ సంస్థలో, రెండు ప్రోటానులు తాకి కణములు విస్తారముగా పుట్టినపుడు, దూరదూరముగా పోవు కణముల నడుమను అట్టి పొందికయే కానవచ్చెను. 2012లో ప్రోటానును సీసముతో తాకించినపుడు అది మరింత స్పష్టమయ్యెను. ప్రమాణమే శంకకు లోనయ్యెను!

ఇది ప్రవాహము కాదు, తాకిడికి ముందే గ్లూయానులలో నున్న పొందికయే యని కొంద రనిరి. దానిని తేల్చుటకు బ్రూక్‌హేవెన్‌వారు ఒకటి, రెండు, మూడు కణములుగల చిన్న కేంద్రకములను బంగారముతో తాకించిరి. తాకిడి యాకారము గుండ్రన, కోల, త్రికోణముగా మారినకొలది ప్రవాహమును మారెనని 2018లో వెల్లడించిరి. అయినను, పెద్ద తాకిడులలోవలె మహాశక్తిగల కణములు ద్రవములో శక్తిని కోల్పోయిన గుర్తు ప్రోటాను తాకిడులలో స్పష్టముగా దొరకలేదు. అందుచే 2025 జూలైలో సెర్న్‌వారు 16 కణముల ఆక్సిజన్ కేంద్రకములను తాకించిరి. అందు ప్రవాహమును, ఆ గుర్తును గూడ కనుగొనిరి.

ఇక మన తరగతుల సంగతి. విద్యార్థి కొలిచిన అంకె పుస్తకముతో కలియనిచో మేము ఎఱ్ఱసిరాతో కొట్టివేయుచుందుము. అందుచే పిల్లలు ముందే అంకె నెఱిగి, దానికి సరిపడ వ్రాయ నేర్చుకొనుచున్నారు. ఈ దోషము మాదే. కలియని అంకె తరచుగా చేతి పొరపాటే కావచ్చును. కాని మరల కొలువక కొట్టివేయుట తగదు.

విద్యార్థులారా, చూచినదే వ్రాయుడు. తల్లిదండ్రులారా, బిడ్డకు ఎన్ని మార్కులు వచ్చెనని మాత్రమే గాక, ఏమి చూచెనో గూడ అడుగుడు. మేమును ఎఱ్ఱసిరాకు ముందు "మరల కొలువుము" అను మాటను వాడుదుము.