జరిగిన కథకు ఏ కాలం?

ముంబయి నుండి అహమ్మదాబాదు వెళ్ళే రైలుమార్గంలో, సూరత్ ఇంకా రాకముందే సచిన్ అనే స్టేషను వస్తుంది. 1948 వరకు అది సిద్దీ నవాబుల చిన్న సంస్థానం, నేడు పారిశ్రామికవాడ. సూరత్ మరమగ్గాలను నమ్ముకొని కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపుల నుండి తరలిపోయిన నేతపని కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అటువంటి ఇంటి పిల్లవాడొకడు సచిన్‌లో పెరిగి, తన తాత కథను ఇంగ్లీషులో వ్రాయబూనాడని అనుకోవచ్చు. మాటలు తెలియకపోతే నిఘంటువు ఉన్నది. చిక్కంతా క్రియల దగ్గర.

“తాత మూట కట్టుకొని, రైలెక్కి, సూరత్‌లో దిగి, మగ్గం ముందు నిలిచాడు.” ఇందులో పనులు నాలుగు, కాలాన్ని మోసేది చివరి క్రియ ఒక్కటే. తక్కిన మూడూ క్త్వార్థకాలు. వాటిని ఉన్నవున్నట్టు దించబోతే ‘హావింగ్’ అనే మాట ముమ్మారు పడి, వాక్యం కచేరీ దరఖాస్తులా తయారవుతుంది. ఇంగ్లీషు కథకుడు కట్టాడు, ఎక్కాడు, దిగాడు, నిలిచాడు అని నాలుగింటికీ విడివిడిగా భూతకాలపు ముద్ర వేస్తాడు.

సంగతి ఏనాటిదో గదా అని ప్రతి క్రియకూ ‘హ్యాడ్’ తగిలించడం మరొక అలవాటు. ఎంత పాత సంగతికైనా సామాన్య భూతకాలం చాలు. రైలెక్కడానికి ముందే తాత ఊళ్ళోని చేమగ్గం అమ్మివేసి ఉంటే, ఆ అమ్మకానికి మాత్రం ‘హ్యాడ్’ కావాలి. చెబుతున్న ఘట్టానికి వెనుక జరిగిపోయినది అది. ఇక “రాత్రిపాళీకి వెళ్ళేవాడు” అన్నది మరొక తిరకాసు. ‘వెంట్’ అని ఊరుకుంటే ఏదో ఒక్క రాత్రి వెళ్ళినట్టు తోచవచ్చు. ‘యూజ్డ్ టు గో’ అంటే ఏళ్ళ తరబడి నిద్రలేని రాత్రులన్నీ అందులోకి వస్తాయి.

నోటితో చెప్పేటప్పుడు ఆ పిల్లవాడే “తాత వస్తాడు, చూస్తాడు” అంటాడు. సినిమా కథ చెప్పేవారందరి ధోరణీ అదే. ఇంగ్లీషులోనూ ఆ పద్ధతికి పెద్దల అండ ఉన్నది. 1852-53లో భాగాలుగా వెలువడిన ‘బ్లీక్ హౌస్’ నవలలో డికెన్స్ కొన్ని అధ్యాయాలను వర్తమానంలో నడిపి, ఎస్తర్ చెప్పే అధ్యాయాలను భూతంలో ఉంచాడు. హిలరీ మాంటెల్ 2009లో బుకర్ బహుమానం పొందిన ‘వోల్ఫ్ హాల్’ను వర్తమానంలోనే వ్రాసింది, కథ మాత్రం పదహారవ శతాబ్దానిది. మరుసటి ఏడే ఫిలిప్ పుల్మన్ ఈ వాడుక మితిమీరుతున్నదని విసుక్కున్నాడు. ఆ విసుగులో న్యాయం లేకపోలేదు. అన్నీ ఇప్పుడే జరుగుతూ ఉంటే ఏది ఎప్పటిదో పాఠకునికి అంతుపట్టదు.

అసలు సంకటం ఒక చిన్న వాక్యంలో ఉన్నది. “తాత ముప్పై ఏళ్ళు మగ్గం నడిపాడు.” తాత అరుగు మీద కూర్చుని వింటున్నా, గోడమీద దండవేసిన పటంలో ఉన్నా తెలుగులో ఈ వాక్యం మారదు. ఇంగ్లీషులో ‘హి హాజ్ వర్క్‌డ్’ అంటే ఆయన ఇంకా ఉన్నాడని అర్థం. పోయినవానికి ‘హాజ్’ చెల్లదు. మనుమడు ఆ ఒక్క మాటను కొట్టివేసి, ఉత్త ‘వర్క్‌డ్’ను మిగల్చవలసి వస్తుంది. తాత నిలబడిన మగ్గం ఏ షెడ్డులోనైనా ఇంకా ఆడుతూ ఉంటే, దానికి మాత్రం వర్తమానం వాడవచ్చు.