షుగర్ ఉన్నోళ్ళ రోగం కాదు, మన గూడేలల్ల కూడా చూడాలె



"అడవిల ఉండేటోళ్ళకు షుగర్ ఎక్కడిది? కష్టం చేసే ఒళ్ళు, సన్నటి మనుషులు, వాళ్ళకు రాదు." ఈ మాట టౌన్ల అంటరు, మన పెద్దమనుషులు కూడా అంటరు. వింటే మెచ్చుకున్నట్టే ఉంటది. కానీ ఈ మాట వల్లనే మనోళ్ళకు పరీక్ష అందుతలేదని మేము అంటున్నం.

సన్నగా ఉంటే షుగర్ రాదనేది తప్పు. చిన్నప్పటి నుంచి తిండి చాలక, ఒంట్లో ఇన్సులిన్ సరిగా తయారుకాక వచ్చే షుగర్ ఒకటున్నది. 1985లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని వేరే రకంగా గుర్తించింది. 1999లో ఆధారాలు చాలవని జాబితా నుంచి తీసేసింది. 2025 ఏప్రిల్‌లో బ్యాంకాక్ సభలో అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య దానికి 'టైప్ 5' అని పేరు పెట్టింది. అంటే ఆకలి తెచ్చే షుగర్‌కు 26 ఏండ్లు పేరే లేదు. పేరు లేని రోగానికి పరీక్ష ఎవరు చేస్తరు? ఇది ఎక్కువగా 30 ఏండ్లలోపే బయటపడతది. సర్కారు షుగర్ పరీక్షలేమో 30 దాటినోళ్ళకు!

తిండి సంగతి చూడుండ్రి. మన తాతలు జొన్న రొట్టె, గట్క, సామలు తిన్నరు. ఇప్పుడు చేన్ల పత్తి, కంచంల తెల్లన్నం. రేషన్ బియ్యం ఆకలి తీర్చింది, కాదనం. కానీ పత్తి తినలేం గదా! పాలిష్ బియ్యం అన్నం తొందరగా చక్కెరై రక్తంల కలుస్తది. "నోరు కట్టుకోండి" అని చెప్పే ముందు మన కంచంల అన్నం తప్ప ఇంకేమున్నదో చూడాలె.

ఇంట్ల ఒక్కరికి షుగర్ ముదిరితే ఏమైతది? కాలుకు స్పర్శ పోతది. చేన్ల ముల్లు దిగినా తెల్వది. పుండు మానదు, చివరికి వేలో కాలో తీసేస్తరు. కూలి బంద్, అప్పు మొదలు. ఆ ఇంట్ల ముందు చదువు మానేది ఆడపిల్లనే. మనలో చాలామంది ఇంట్ల మొదటిసారి కాలేజీ గడప తొక్కినోళ్ళం. అమ్మ కాలు పోతే మన చదువు కూడా పోతది.

2023 జులై 1న కేంద్రం సికిల్ సెల్ మిషన్ మొదలుపెట్టింది, మంచిదే. దానికోసం వేలు గుచ్చినప్పుడు ఇంకో చుక్క షుగర్ మీటర్ల పెడితే ఏం పోతది? ఇంకో ముచ్చట గుర్తుపెట్టుకోండి. సికిల్ సెల్ ఉన్నోళ్ళకు ఎర్ర కణాలు తొందరగా చనిపోతయి. అందుకే మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షల షుగర్ ఉన్నదానికంటే తక్కువ చూపించొచ్చు. వాళ్ళు పరగడుపు రక్త పరీక్ష అడగాలె.

పసరు వైద్యం మన ఆస్తి, దాన్ని చిన్నచూపు చూడం. కానీ రక్తంల షుగర్ ఎంతున్నదో మీటరే చెప్తది. మాత్రలు, ఇన్సులిన్ మాత్రం మధ్యల ఆపొద్దు.

మేము అడిగేవి మూడే. పెంబి, కడెం, ఖానాపూర్ గూడేలకు వచ్చే ప్రతి క్యాంపుల, అంగడి రోజుల 18 దాటిన అందరికీ షుగర్ చూడాలె. మాత్రలు నెల నెలా గూడెంకే రావాలె, కూలి పోగొట్టుకొని తిరిగే పని ఉండొద్దు. ఐటీడీఏ హాస్టళ్ళ మెనూల జొన్న, చిరుధాన్యాలు పెట్టాలె.

మనం చేసేది కూడా ఉన్నది. ఈసారి సెలవులకు పోయినప్పుడు ఇంట్ల అడుగుండ్రి: దూప ఎక్కువైతుందా, రాత్రి మాటిమాటికీ లేస్తున్నరా, ఉన్నట్టుండి బక్కపడుతున్నరా, పుండు మానుతలేదా? ఒక్కటున్నా దవాఖానకు తోలుకపోండి. ఎంత వచ్చిందో రాసి పెట్టుండ్రి. ఆ లెక్కలన్నీ కలిపి ఉట్నూర్ ఐటీడీఏ ముందు పెడదాం. లెక్క లేదని మనల్ని పక్కకు పెట్టిండ్రు, ఆ లెక్క మనమే తీద్దాం.

జై ఆదివాసీ!
— నిర్మల్ హాస్టల్ విద్యార్థులం