కొట్టివేసిన పేర్లను ఎవరు పిలుచుదురు?



సంక్రాంతి సెలవులు సమీపించగానే మన పట్టణములలోని మిషను పాఠశాలల గేట్లకు తోరణములు వ్రేలాడుచున్నవి. "పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనము" అని పెద్ద అక్షరములతో ఫ్లెక్సీలు లేచుచున్నవి. అమెరికా దేశములో దీనిని హోంకమింగ్, అనగా ఇంటికి తిరిగి వచ్చుట, అందురు. అక్కడ ఫుట్‌బాల్ పందెముతోను విందుతోను జరుపుదురు. మనయొద్ద పందెమునకు బదులు ప్రసంగములు, శాలువలు. వాట్సాప్‌లో గుంపు కట్టి, చందా నిర్ణయించి, ఒకే రంగు చొక్కాలు, చీరెలు ధరించి వచ్చుచున్నారు. పాత గురువుల పాదములు తాకుచున్నారు. పాత బల్లలపై కూర్చుండి ఫోటోలు దిగుచున్నారు. సంతోషమే. గురువును మరువని వానిని నేను తప్పుపట్టను.

అయితే నాకొక ఫిర్యాదు కలదు. దానిని మీ యెదుట పెట్టుచున్నాను.

మా ఊరిలో ఉన్నత పాఠశాల లేనందున మా నాయన నన్ను ఆర్.సి.యం. వారి పాఠశాలలో చేర్పించి బోర్డింగులో ఉంచెను. మేము ఆ శాఖవారము కాము. అయినను ఫాదరుగారు నన్ను నీ సంఘమేదని అడుగలేదు. అన్నము పెట్టి చదువు చెప్పించిరి. ఆ ఋణము నేను తీర్చలేనిది. నా ప్రక్కను కూర్చుండిన పిల్లవాడు లెక్కలలో నాకంటె దిట్ట. మేము ఎనిమిదవ తరగతిలో ఉండగా, మిరపకోతల కాలమున, వాని తల్లి మంచము పట్టెను. ఫీజు బాకీ పడెను. ఒక దినము హాజరు పట్టీలో వాని పేరు మీద ఎర్రసిరా గీత కనబడెను. ఆ ఉదయము అయ్యవారు వాని పేరు దాటి నా పేరు పిలిచిరి. గీత గీసినవారు చెడ్డవారు కారు. నియమము అట్టిది.

మూడేండ్ల క్రిందట మా తరగతివారు సమ్మేళనము జరిపిరి. గుంపులో వాని పేరు లేదు. నేనడిగితిని. "వాడు మనతో పది పాసు కాలేదు గదా, మన బ్యాచి ఎట్లవుతాడు?" అని ఒకరనిరి. నేను మారుమాట పలుకలేదు. ఆ దినమున వేదికపై ప్రార్థన చేసినవాడను నేనే. నాకు కప్పిన శాలువ నేటికిని మడత విప్పకుండ బీరువాలో ఉన్నది. కనుక ఈ వ్యాసములోని మాటలు మొదట నాకే తగులుచున్నవి.

చదువరీ, ప్రభువు ఒక పరిసయ్యుని యింట భోజనమునకు కూర్చుండియుండగా ఆ యజమానునికే బుద్ధి చెప్పెను. మరల నిన్ను పిలువగల స్నేహితులను, ధనవంతులైన పొరుగువారిని కాదు, బదులు చేయలేని బీదలను, కుంటివారిని, గ్రుడ్డివారిని విందునకు పిలువుమనెను. లూకా సువార్త 14వ అధ్యాయము తీసి చదువుకొనుము. ఇప్పుడు మన సమ్మేళనమునకు ఎవరిని పిలుచుచున్నాము? తిరిగి పిలువగలవారినే. ముందు వరుసలో ఎవరు? పెద్ద చందా ఇచ్చినవారు. ముప్పది యేండ్లు బోర్డింగులో గంజి వార్చిన వంటమనిషి ఎక్కడ? రాత్రులు గేటు కాచిన వాచ్‌మనుగారు ఎక్కడ? ధనవంతునికి మంచి చోటు చూపి, మాసిన బట్టలవానిని నిలువబెట్టు సంఘమును యాకోబు తన పత్రిక 2వ అధ్యాయములో గద్దించెను. ఆ గద్దింపు గుడికే గాని బడికి కాదనుకొందుమా?

ఈ పాఠశాలల పుట్టుక తలచుకొనుడి. 1597లో రోమా నగరములో జోసఫ్ కలసాంజ్ అను గురువు బీదపిల్లలకు ఫీజు లేని బడి తెరచెను. 1842లో హెయ్యర్ అయ్యగారు గుంటూరు చేరి మన లూథరను మిషను బడులకు నాంది పలికిరి. 1904లో జె.ఎం.జె. సిస్టర్లు హాలెండు నుండి అదే గుంటూరునకు వచ్చి ఆడపిల్లల చదువునకు పూనుకొనిరి. 1965లో రెండవ వాటికను మహాసభ క్రైస్తవ విద్యను గూర్చి చేసిన ప్రకటనలో, లోకసంపద లేనివారిని, కుటుంబపు ఆదరణ కరవైనవారిని ప్రత్యేకముగా చూడవలెనని తన పాఠశాలలకు బోధించెను. కావున నేను క్రొత్త మాటేదియు చెప్పుట లేదు. వారి పెద్దలు వ్రాసిపెట్టినదే జ్ఞాపకము చేయుచున్నాను.

ఇక నేటి స్థితి చూడుడి. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రయివేటు పాఠశాలలు మొదటి తరగతిలో నాలుగవ వంతు సీట్లు బీదపిల్లలకు ఇయ్యవలెనని విధించెను. 2014లో సుప్రీంకోర్టు మైనారిటీ పాఠశాలలకు ఆ చట్టము వర్తింపదని తీర్పిచ్చెను. 2025లో ఆ కోర్టులోనే మరియొక ధర్మాసనము ఆ తీర్పుపై సందేహము వెలిబుచ్చి, దానిని పెద్ద ధర్మాసనము తిరిగి చూడవలెనని కోరెను. కోర్టు సంగతి కోర్టు చూచుకొనును. నేనడుగునది వేరు. చట్టము మనలను మినహాయించినచో సువార్త కూడ మినహాయించెనా? బీదవానికి తలుపు తీయకుండుట మన హక్కు అని వాదించుటకా మన పెద్దలు సముద్రములు దాటి వచ్చిరి?

మరియు, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు దళితుడు క్రైస్తవుడైనచో షెడ్యూల్డు కులమువాడుగా లెక్కింపదు. సిక్కులను 1956లోను, బౌద్ధులను 1990లోను చేర్చిరి, మనలను చేర్చలేదు. ఆంధ్ర దేశములో మనకు మిగిలినది బి.సి. - సి. వర్గపు ఒక్క శాతము. అట్టి పల్లెబిడ్డకు మిషను బడి తలుపును ఫీజు గడియతో మూసినయెడల వాడు ఎవరి గుమ్మము త్రొక్కవలెను?

"ఇది సంతోషదినము గదా, దుఃఖపు మాటలేల?" అని కొందరందురు. తప్పిపోయిన గొఱ్ఱె దొరకినప్పుడే కాపరి పొరుగువారిని పిలిచి సంతోషించెను. మనమో, ఒకటి తప్పిపోయియుండగా తొంబది తొమ్మిదింటితో గ్రూపు ఫోటో దిగి ఇండ్లకు పోవుచున్నాము. "మేము బడికి గేటు కట్టించితిమి, రాతిమీద పేర్లు చెక్కించితిమి" అని మరికొందరందురు. మంచిదే. కాని నీ పేరుగల ఆ గేటులో నీ ప్రక్కబల్లవాని బిడ్డ అడుగుపెట్టలేనప్పుడు ఆ రాయి నిన్ను మెచ్చుకొనునా, నీమీద సాక్ష్యము పలుకునా? "పిలిచినను బీదవారు రారు" అని ఇంకొకరందురు. వేల రూపాయల చందా, రంగు చొక్కా నియమమును పెట్టి పిలిచిన పిలుపు పిలుపు కాదు. గడప బయట గీచిన గీత.

గత చలికాలమున నేను నా ప్రక్కబల్లవానిని వెదకి పోయితిని. మిరప యార్డులో బస్తాలు మోయుచున్నాడు. ఒకే పలకమీద లెక్కలు చేసినవాడు నన్ను చూచి "అయ్యగారూ" అని చేతులు జోడించెను. సమ్మేళనమునకు పిలువలేదని వానికి కోపము లేదు. ఒక్కటే అడిగెను: "మా మనవరాలు చురుకైనది. మన బడిలో సీటు ఇప్పించగలవా?" వాని పేరు కొట్టివేసిన బడిని వాడింకను మన బడి అనుచున్నాడు! నేను "చూతము" అని చెప్పి తలవంచుకొని వచ్చితిని.

ఆ "చూతము" నన్ను నిద్రపోనిచ్చుట లేదు. అందుచేత మా తరగతివారికి ఉత్తరము వ్రాసితిని. మీరును మీ బిడ్డలకు, సహోదరులకు వ్రాయుడి. రాబోవు సమ్మేళనమునకు ముందు పాత హాజరు పట్టీలు తీయించి, ఎర్రగీత పడిన పేర్లను మొదట వెదకుడి. చందా లేక వారిని పిలువుడి. వంటమనిషిని, వాచ్‌మనుగారిని ముందు కుర్చీలలో కూర్చుండబెట్టుడి. శాలువలకును ఫ్లెక్సీలకును అగు ఖర్చును ఒక పల్లెబిడ్డ ఫీజుకు మరల్చుడి. ఆ బిడ్డ పది ముగించువరకు చేయి విడువకుడి. ఇది ఆర్.సి.యం. వారికే కాదు, మన మిషనుల పాఠశాలలకును చెప్పుచున్నాను. మన పట్టీలలోను ఎర్రగీతలు కలవు.

పొలములోనే మిగిలిపోయిన సహోదరుడా, నీకొక మాట. నీవు చదువు మానినవాడవే గాని ఆ బడికి పరాయివాడవు కావు. పిలుపు వచ్చినచో సిగ్గుపడక, ఉన్న బట్టలతోనే పొమ్ము. నీ మనవరాలి చేయి పట్టుకొని పొమ్ము.

తన గొఱ్ఱెలను పేరుపెట్టి పిలుచు కాపరి మన నోట ఆ పేర్లను మరల పలికించును గాక. ఆమేన్.