ఆ నలుపు సంగతి మమ్మల్ని అడగండి

మా అమ్మాయికి మూడున్నరేళ్ళప్పుడు మామూలు చెకప్‌కని డెంటిస్టు దగ్గరకి తీసుకెళితే నాలుగు పిప్పి పళ్ళు బయటపడ్డాయి. ముందు రెండు, దవడలో రెండు. కుర్చీలో పిల్ల నోరు తెరవదు కాబట్టి హాస్పిటల్లో పూర్తి మత్తు ఇచ్చి నాలుగూ ఒకేసారి బాగుచేస్తామన్నారు. మత్తు ఖర్చు మెడికల్ ఇన్సూరెన్సుదని డెంటల్ వాళ్ళు, కాదు డెంటల్‌దేనని మెడికల్ వాళ్ళు. ఎవరూ తమదని ఒప్పుకోని బగ్గులాగా మా ఫైలు రెండు నెలలు తిరిగింది. ఈలోగా చల్లనీళ్ళు తగిలితే చాలు, పిల్ల ఏడుపు.

చివరికి ఇంకో డాక్టరు గారిని కలిస్తే, సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్ అని ఒక మందుందన్నారు. పుచ్చు మీద చిన్న బ్రష్షుతో ఒక చుక్క రాయటమే. డ్రిల్లు లేదు, సూది లేదు, ఒకటి రెండు నిమిషాల పని. వెండి క్రిముల్ని చంపుతుంది, ఫ్లోరైడ్ మెత్తబడ్డ పన్నుని గట్టిపరుస్తుంది.

ఇదేమీ నిన్న బీటాలోంచి బయటకొచ్చిన సరుకు కాదు. జపాన్‌లో 1970 ప్రాంతాల నుంచీ ఉంది. అమెరికాలో ఎఫ్‌డీఏ 2014లో అనుమతిచ్చింది. అదీ పళ్ళు జివ్వుమనటం తగ్గించటానికే. పుచ్చు ఆపటానికి డాక్టర్లు తమ విచక్షణ మీద వాడుతూ వచ్చారు. పాలపళ్ళ పుచ్చులకి వాడవచ్చని ఇక్కడి పిల్లల దంతవైద్యుల అకాడమీ 2017లో మార్గదర్శకాలిచ్చింది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలోకి ఎక్కించింది.

మరి మొదటాయన మాట మాత్రంగానైనా ఎందుకు చెప్పలేదు? ఉండబట్టలేక ఫోన్ చేసి అడిగాను. "రాస్తే పుచ్చు నల్లబడుతుంది. మీరు ఒప్పుకోరనుకున్నాం" అన్నారు.

డబ్బు కోసం దాచారని నేననను. ఆయన పని మంచిదే. కానీ యూజర్ని అడక్కుండా వాళ్ళకేం నచ్చుతుందో మనమే తేల్చేసే జబ్బు మన వృత్తిలోనూ ఉంది కనక, దాన్ని చూడగానే గుర్తుపట్టాను. నలుపు కావాలా, మత్తు కావాలా అన్నది తల్లిదండ్రులు తేల్చుకోవలసిన ప్రశ్న. మత్తు కూడా చిన్న విషయమేం కాదు. మూడేళ్ళ లోపు పిల్లలకి పదే పదే గాని, మూడు గంటలకి మించి గాని ఇస్తే మెదడు ఎదుగుదల మీద ప్రభావం ఉండవచ్చని ఎఫ్‌డీఏ 2016లో హెచ్చరించింది. ఒక్కసారి కొద్దిసేపు ఇస్తే అంత భయపడనక్కర్లేదనీ చెప్పిందనుకోండి. మా పిల్ల మూడేళ్ళు దాటింది. అయినా ఇదంతా ఎదురుగా పెట్టి మాట్లాడితేనే కదా ఎంచుకోవటం!

ఈ మందు అన్నిటికీ పనికిరాదు. చీము పట్టినా, రాత్రిళ్ళు నొప్పితో లేస్తున్నా పుచ్చు నరం దాకా పోయినట్టే. దానికి వేరే వైద్యం కావాలి. వెండి పడనివాళ్ళకి వాడకూడదు. రాసిన ప్రతి పుచ్చూ ఆగుతుందని లేదు. కొన్ని నెలలకోసారి చూపించి మళ్ళీ రాయించుకోవాలి. నలుపు పన్ను ఊడేదాకా పోదు, కాకపోతే పుచ్చిన భాగమే నల్లబడుతుంది.

మా ఇంట్లో రెండు రోజులు చర్చ. ఇండియా నుంచి వచ్చి ఉన్న మా అత్తగారు "ఆడపిల్లకి నల్లపళ్ళేవిటి నాయనా!" అన్నారు. రాత్రి పాలసీసాలో పంచదార వేసింది ఎవరో ఆ పూట ఎవరూ ఎత్తలేదు. మా ఆవిడ మాత్రం మందు రాశాక పళ్ళెలా ఉంటాయో ఫోటోలు చూపించమని అడిగింది. చూసి, సరేనంది.

మనవాళ్ళ ఇళ్ళల్లో డెంటిస్టులకి కొదవ లేదు. మీ ఇంట్లో ఉంటే నా మాటగా ఇది చెప్పండి: పిల్లకి మత్తు మాట ఎత్తే ముందు ఆ ఫోటోలు ఒకసారి టేబుల్ మీద పెట్టమని. వద్దనేవాళ్ళు వద్దంటారు, అది వాళ్ళిష్టం.

మా అమ్మాయి ముందు పళ్ళ మీద తర్వాత తెల్ల సిమెంటు వేశారు, నలుపు చాలావరకు కప్పడిపోయింది. దవడ పళ్ళు రెండూ నల్లగానే ఉన్నాయి. పదేళ్ళు దాటాక ఎలాగూ ఊడతాయి. చల్లనీళ్ళు హాయిగా తాగుతోంది.