కొయ్యూరు చరిత్రము - వెండితెర కల్పన

2022 మార్చి 25వ తేదీన 'ఆర్.ఆర్.ఆర్.' చలనచిత్రము విడుదలైనది. పది దినములకు, ఏప్రిల్ 4వ తేదీన, పాడేరు కేంద్రముగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినది. అంతవరకు విశాఖపట్నము జిల్లాలో నుండిన కొయ్యూరు ఈ క్రొత్త జిల్లాలో చేరినది. 1924 మే 7వ తేదీన, మంపలో పట్టుబడిన సీతారామరాజును ప్రభుత్వ సైనికులు కాల్చి చంపినది ఈ కొయ్యూరుననే. ఆ విధముగ ఒకే వసంతమున ఆయన పేరు పరిపాలనా పటము మీదికిని, వెండితెర మీదికిని ఎక్కినది. ఈ రెంటిలో విద్యార్థుల మనస్సులను ముందుగా పట్టుకొనునది ఏదియో ఉపాధ్యాయులకు చెప్పనక్కరలేదు.

రాజమౌళిగారి దర్శకత్వమున వెలువడిన ఈ చిత్రమునకు కథ కూర్చినవారు వారి తండ్రి విజయేంద్రప్రసాద్‌గారు. కథకుడును, దర్శకుడును అయిన ఆయనకు ఊహాకల్పన క్రొత్త కాదు. జన్మాంతర సిద్ధాంతమును తీసికొని, నాలుగు వందల యేండ్ల నాటి ప్రణయము ఈ కాలమున ఫలించినట్లు 'మగధీర' (2009) కథను అల్లినారు. 'ఆర్.ఆర్.ఆర్.'లోని ఊహ మరింత సాహసమైనది. సీతారామరాజును, కొమరం భీమును యౌవనమున కొంతకాలము స్వస్థలములను వీడినారు గదా, ఆ కాలమున వారిరువురును కలిసికొనియుండినచో? ఇది కల్పితమని దర్శకుడు 2019లోనే ప్రకటించినాడు.

కల్పించుటలో దోషము లేదు. రసమునకు ఒదుగని ఇతివృత్తమును విడిచి వేరొకదానిని కల్పించుకొను స్వాతంత్ర్యమును ధ్వన్యాలోకకారుడు కవికి ఇచ్చియే యున్నాడు. భారతమున లేని దుర్వాసశాపమును కాళిదాసు శాకుంతలమున చేర్చినాడు. ఐతే కాళిదాసు ప్రేక్షకులు భారతకథను ఎరిగినవారు. ఎరిగినవానికి మార్పు అందముగ తోచును. ఎరుగనివానికి ఆ మార్పే మూలమై కూర్చుండును. నేటి ప్రేక్షకులలో మన్యపు కథను ఎరిగినవారు ఎందరు?

చిత్రమున రామరాజు తన ఊరివారికి తుపాకులు సంపాదించుటకై ఆంగ్లేయుల పోలీసు దుస్తులు ధరించును. చరిత్రమున ఆయన 1922 ఆగష్టు 22వ తేదీన చింతపల్లి ఠాణాపై పడినాడు. వెంటనే కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై పడినాడు. పట్టుకొనిపోయిన ఆయుధముల లెక్కను వ్రాసి యిచ్చుట ఆయన పద్ధతి. (ఇంతకంటె నాటకీయమైన సన్నివేశము ఏ కథకునకు కావలెను?) ఆ తిరుగుబాటునకు మూలము 1882 నాటి అడవి చట్టము, పోడు వ్యవసాయముపై పెట్టిన ఆంక్షలు, గూడెము తాసీల్దారు బాస్టియను రోడ్డుపనిలో గిరిజనులను పీడించిన తీరు. గాము గంతందొర, మల్లుదొర వంటి మన్యవీరులు అందు ముందు నిలిచినారు. చిత్రమున వీరు లేరు. అడవి రణరంగముగ కనబడును గాని పోడుభూమిగ కనబడదు.

ఇంకొక విషయము కలదు. చిత్రాంతమున భీము రామరాజును చదువు చెప్పుమని అడుగును. రామరాజు 'జల్, జంగల్, జమీన్' అని వ్రాసియిచ్చును. ఆ నినాదము భీమునిదిగనే, 1940లో జోడేఘాట్ కొండలలో ఆయన వెంట నిజాము ప్రభుత్వమును ఎదిరించిన గోండులదిగనే ప్రసిద్ధము. గోండు వీరుని మాటను గోండు వీరునకే పాఠముగ చెప్పించుట కల్పనకు దక్కిన స్వాతంత్ర్యములో చేరునా? 2023లో 'నాటు నాటు' పాటకు ఆస్కారు బహుమానము వచ్చిన సంతోషములో ఈ ప్రశ్న తరగతి గదులలో అంతగా వినబడలేదు.

సీతారామరాజు సమాధి కృష్ణదేవిపేటలో కలదు. కొయ్యూరునకు అది దూరము కాదు. చిత్రము చూచిన పిల్లలలో ఎందరిని అచ్చటికి తోడ్కొనిపోయిరో పాఠశాలలవారే చెప్పవలెను.