టాకీల చరిత్ర మద్రాసులనే మొదలైందా?

మనకు నేర్పిన సినిమా చరిత్ర మద్రాసు రైలెక్కి పోతది. మన దారేమో బొంబాయి దిక్కు ఉండె. అందుకే ఆ చరిత్రల మనం కనపడం.

1931 మార్చి 14న బొంబాయి మెజెస్టిక్ టాకీసుల తొలి భారతీయ టాకీ 'ఆలం ఆరా' విడుదలైంది. నాయిక జుబేదా. 1911ల సూరత్‌ల పుట్టింది. తల్లి ఫాత్మా బేగం 1926లనే సినిమా డైరెక్ట్ చేసింది. మూకీలల్ల పేరు తెచ్చుకున్న జుబేదా, టాకీలనూ ఏలి, హైదరాబాద్ ధన్‌రాజ్‌గిర్ల ఇంటి కోడలైంది.

"ఇక్కడ పుట్టలేదు గదా" అంటరు. మరి కరీంనగర్‌ల పుట్టిన పైడి జైరాజ్ సంగతేంది? 1929లనే బొంబాయి తెరకెక్కిండు. 1980 ఫాల్కే అవార్డు ఆయనదే. హిందీ నటుడని పక్కకు పెట్టిండ్రు. పుట్టినోళ్లకు భాష అడ్డం, మెట్టినోళ్లకు పుట్టుక అడ్డం! తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'ను 'ఆలం ఆరా' నిర్మాత అర్దెషిర్ ఇరానీయే బొంబాయిల తీసిండు. దానికి మాత్రం ఏ అడ్డమూ రాలే!

2014ల రాష్ట్రం వచ్చింది. జైరాజ్ పేరిట రవీంద్రభారతిల థియేటర్, సర్కారు అవార్డు వచ్చినయ్. మంచిదే. మరి జుబేదా? ఈ తప్పు పరాయోళ్లది కాదు, మనదే. మగోళ్ల పేర్లు ఏరి ఏరి రాసుకున్నం, ఆడోళ్లను మరిచినం.

'ఆలం ఆరా' ప్రింటు ఒక్కటీ మిగల్లేదు. 1988ల జుబేదా పోయింది. పేరన్నా మిగలాలె. కరీంనగర్, ఆదిలాబాద్ విద్యార్థులారా, ఉద్యోగులారా! మన పిల్లల పాఠంల జైరాజ్ పక్కన జుబేదా ఉండాలని అడుగుదాం. అడగనిదే అమ్మయినా పెట్టదు.